డోలు మీద చెయ్యి

నాకు కోపం ముక్కు మీదనే ఉంటాది. ముసలోడినైనా అది యాడికీ పోలేదు, మా మనవరాండ్లను అడగండి చెప్తారు. ఇంక ఇరవై రెండేండ్ల వయసులో ఎట్ల ఉండిందో మీరే అనుకోండి. ఆ కోపాన్ని ఒకే ఒక్క పొద్దు నా నెత్తి మీద నుంచి కిందికి దించినోళ్ళు చింతామణి హబ్షీలు. ఆ పొద్దు గుర్తొస్తే ఇప్పటికీ నా అరచేతులు ఊరుకోవు. ఇది కూర్చోని చెప్పే సంగతి కాదు, అయినా కాళ్ళ నొప్పులు కాబట్టి కూర్చోనే చెప్తా.

యుద్ధం జరుగుతా ఉండిన కాలం. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడుస్తా ఉండె. నేను చింతామణిలో మా మేనత్త ఇంట్లో ఉండి బాడిగ బండి తోలుకుంటా ఉంటి. సొంత భూమి, సొంత బావి ఉండినోడు అత్త ఇంట్లో ఎందుకుండాడు అని మీరు అడగాల. అదే ముందు చెప్పేస్తా, దాచి పెట్టేదానికి ఏముండాది.

మా ఊరు చింతామణి నుంచి మురుగమల్లకు పోయే దారిలో, రోడ్డు దిగి కాలిబాటన పోతే వస్తాది. నాకు ఆరేండ్లప్పుడు మా నాయన పోయినాడు. మా అన్నకు అప్పుడు పద్దెనిమిది. నన్ను భుజం మీద మోసి పెంచింది ఆయనే. ఇస్కూలుకు పలక కొనిచ్చింది ఆయనే, ఇస్కూలు ఎగ్గొడితే వీపు చీరింది కూడా ఆయనే. నాకు మీసాలొచ్చినాక ఎవరూ అడగకముందే నా పాలి మడి నాకు చూపించి, ఇంక నువ్వే చేసుకోరా అన్నాడు. ఇద్దరికీ ఒకటే బావి, ఎద్దులతో నీళ్ళు తోడే కపిల కూడా ఒకటే. ఒక పొద్దు ఆయన వంతు నీళ్ళు, ఒక పొద్దు నా వంతు.

ఒక ఎండాకాలం నేను సంతకు పోయి మధ్యాన్నం తిరిగొస్తే, నా వంతు పొద్దు మా అన్న కపిల తోలుతాండాడు. నీళ్ళు పోతాండేది నా మిరప తోటకు కాదు. పక్క చేనులో ఒక ముసలామె వంకాయ తోట ఉండె, ఎద్దుల్లేవు, మనుషుల్లేరు ఆమెకు. ఆ తోటకు పారిస్తాండాడు. నాకు కండ్లు కనపడలేదు. నా నీళ్ళు ఇచ్చేదానికి నువ్వెవరు అని అరిచి, పోయి గట్టిగా ఒక తోపు తోసినా. ఆయన కపిల బాటలో పడి, రాయి తగిలి, కనుబొమ్మ చీలింది. కూలోళ్ళందరూ చూస్తాండారు. ఆయన లేచి, పైగుడ్డతో నెత్తురు తుడుచుకోని, మళ్ళా ఎద్దుల దగ్గరికి పోయినాడు. ఒక్క మాట తిట్టి ఉంటే నేను ఆడనే చల్లారిపోతుంటి. తిట్టలేదు, నాకు ఇంకా కాలింది.

"ఈ పొద్దు నుంచి నువ్వు నాకు అన్నవే కాదు. అన్నా అనే మాట నా నోట్లో నుంచి మళ్ళా వస్తే నన్ను చెప్పుతో కొట్టు!" అని అరిచి, బండి కట్టుకోని ఊరిడిచి వచ్చేసినా. రెండేండ్లు ఆ గడప తొక్కలేదు.

సరే. ఇంక డోలు సంగతికి వస్తా.

చింతామణిలో ఊరి వెనకల చింతతోపు పక్కన హబ్షీల ఇండ్లు ఐదు ఉండె. జట్కా గుర్రాలకు లాడాలు కొట్టేది, గుర్రాలకు జబ్బు చేస్తే మందు పోసేది వాళ్ళ పని. వాళ్ళ తాతల తాతలు సముద్రం అవతల ఆఫ్రికా నుంచి నవాబుల గుర్రపు పౌజుల్లోకి వచ్చినారంట. ఇంట్లో తురక మాటలు, మాతో తెలుగు, కచేరికి పోతే కన్నడం. వాళ్ళోళ్ళే ఇంకొందరు బాగేపల్లిలో, చిక్కబళ్ళాపురంలో కాపురముండినారు. ప్రతి గురువారం సాయంత్రం చింతతోపులో కూడుకుంటా ఉండినారు.

ఒక గురువారం నేను వేరుశెనగ మూటలు దించి ఖాళీ బండితో ఆ పక్క వస్తాండా. ధిమ్మని ఒక మోత వినపడె. చెవికి కాదప్పా, కడుపులో వినపడె! మళ్ళా ఒకటి. దాని వెనకాల ఇంకొకటి, ఇంకొకటి, ఒకదాన్ని ఒకటి తరుముకుంటా వచ్చినాయి. నా ఎద్దులు నిలబడిపోయినాయి. నేను నిలిపినానో అవే నిలిచినాయో నాకు తెలీదు. బండి రోడ్డు మధ్యలోనే విడిచి తోపులోకి ఉరికినా.

ఆడ మూడు కాళ్ళ మీద నిలబడిన డోలు. నా రొమ్ముల దాకా ఎత్తు. కట్టెలు లేవు, ఉత్త అరచేతులతో ఒకాయన నిలబడి వాయిస్తాండాడు. చుట్టూ ఆడోళ్ళు మొగోళ్ళు భుజాలు కదిలిస్తా, నవ్వుతా, ఏడుస్తా ఆడతాండారు. నేను నోరు తెరుచుకోని చూస్తాండా.

నడుమ ఒక మోడా మీద తెల్లకోక కట్టుకోని ఒక ముసలామె కూర్చోని ఉండాది. వాళ్ళకందరికీ పెద్ద ఆమెనే. మనవళ్ళు దాదీ అంటే, నేను తర్వాత అవ్వా అని పిలుస్తా ఉంటి.

"ఏమప్పా, ఎద్దుల్ని రోడ్డు మీద విడిచిపెట్టి ఈడేం చేస్తాండావు?" అనె.

"అవ్వా, నాకు నేర్పిస్తారా?" అన్నా. నా నోట్లో నుంచి అంత తొందరగా ఎట్ల వచ్చిందో!

ఆమె పగలబడి నవ్వింది. "ఇదేమన్నా బండి తోలేదా, పగ్గం పట్టుకుంటే వచ్చేదానికి?"

నేను వదల్లేదు. పసిబిడ్డగా ఉన్నప్పుడు నాకు జ్వరమొచ్చి కండ్లు తేలేస్తే, మా అమ్మ నన్ను మురుగమల్ల దర్గాకు ఎత్తుకోని పోయి, బతికితే వీడు నీ సేవ చేస్తాడు సామీ అని మొక్కుకునింది. ఆ మొక్కు తీరకుండానే ఆమె పోయింది. ఆ సంగతి చెప్పినా. అవ్వ నవ్వు ఆపి నన్ను కింద నుంచి మీది దాకా చూసె.

"నీ కులం అడగను, దేవుణ్ణి అడగను. పొద్దున్నే నామం పెట్టుకోని రా, నాకేమి? కానీ మా డోలు ముట్టినోడు కొన్ని మాటలకు కట్టుబడాల. అన్నీ ఇప్పుడే చెప్తే పారిపోతావు. ఒక్కొక్కటే చెప్తా."

మొదటిది ఆ సాయంత్రమే తెలిసె. పెద్ద తట్టలో సంగటి, పప్పు పెట్టి చుట్టూ అందరూ కూర్చున్నారు. గుర్రాల రోగం చూసే ముసలాయన, పెంట ఎత్తే ఆయన, బిడ్డతల్లి, అందరి చేతులూ ఒకే తట్టలో. "కూర్చో. నీ పక్కనోడు తినకుండా నువ్వు తినకూడదు. నీ పక్కన ఎవడు కూర్చున్నా లేయకూడదు" అనె అవ్వ. మా ఇండ్లల్లో అప్పుడు ఎట్ల ఉండిందో మీకు తెలీదు. మా అత్తకు తెలిస్తే నన్ను గడప బయటనే నిలబెడుతుంది. ఒక పక్క డోలు కనపడతాంది. కండ్లు మూసుకోని చెయ్యి పెట్టినా. తిన్నాక తెలిసె, ఆ పప్పులో మా ఇంట్లో కంటే ఉప్పు ఎక్కువ, అంతే తేడా.

రెండోది ఎద్దుల వల్ల తెలిసె. ఒక గురువారం తోపు దగ్గర ఎద్దు మొండికేస్తే చెర్నాకోలతో నాలుగు పెరికినా. అవ్వ చూసె. లేచి డోలు మీద పచ్చగుడ్డ కప్పేసె. "కొట్టిన చేత్తో దీన్ని ముట్టకూడదు. వచ్చే వారం రా." వారమంతా నేను ఎద్దులకు గడ్డి వేస్తా, వాటితో మంచిమాటలు మాట్లాడతా ఉంటే, మా అత్త నాకు గాలి సోకిందనుకునె.

అబద్ధం చెప్పకూడదనేది ఇంకొకటి. దాన్ని పట్టుకోని వాళ్ళల్లో ఒకాయన పడిన పాట్లు చూడాల! బాగేపల్లి నుంచి చిక్కబళ్ళాపురానికి పోయే బొగ్గు బస్సు తోలేవాడు. మంచి బలమైన మనిషి, డోలు వాయించేదాంట్లో ఆయన్ను మించినోడు లేడు. బస్సు టైముకు చేరుతుందా అని ఎవరన్నా అడిగితే, "చేరదప్పా, బొగ్గు తడిసి ఉండాది, నందికొండ కనపడే లోపల రెండుసార్లు నిలిచిపోతాది" అని ఉన్నది ఉన్నట్టు చెప్తాడు. ఎక్కినోళ్ళు దిగిపోతారు. బస్సు యజమాని తల కొట్టుకుంటాడు. "నేనేం చేసేది సామీ, నేను డోలు ముట్టినోణ్ణి" అంటాడు ఈయన. నేనాయన్ను మామా అని పిలుస్తా ఉంటి.

ఇంక అన్నిటికంటే పెద్ద మాట, చివర్న చెప్పె అవ్వ. డోలు ముట్టినోడు ఎవరితోనూ పగ పెట్టుకోకూడదు, మాటలు మానుకోని ఉండకూడదు. జగడం రాకుండా ఉండదు, వస్తే తీర్చుకోవాల. మామ ఒక ఏడు భార్య తమ్మునితో జగడమాడి, మురుగమల్ల దర్గా ఉరుసు లోపల రాజీ కావాలని, బస్సు చెడిపోయి ఉంటే బాగేపల్లి నుంచి చిక్కబళ్ళాపురానికి రెండు పగళ్ళు నడిచి పోయినాడంట.

"నీకెవరితోనన్నా మాటల్లేకుండా ఉండాయా?" అని అడిగె అవ్వ.

"ఎవరితోనూ లేదవ్వా" అన్నా.

నా తెలివి చూడండి! అన్నే కాదన్నాక అన్నతో జగడమేముంటాది అని లోపల లోపల సర్దుకున్నా. పైగా నిజం చెప్తే డోలు ముట్టనీదు, డోలు కావాలంటే పోయి ఆయన కాళ్ళు పట్టుకోవాల. దానికంటే ఒక చిన్న అబద్ధం మేలు కదా అనుకున్నా.

ఏడాది నేర్చుకున్నా. అబ్బబ్బా, ఏం నేర్చుకున్నా! బండి నొగ మీద కొట్టేది, తొడ మీద కొట్టేది, ఇంట్లో నీళ్ళ గంగాళం మీద కొట్టేది. "ఒరే, ఆ గంగాళాన్నన్నా బతకనీరా!" అని మా అత్త మొత్తుకుంటా ఉండె. అరచేతులు వాచిపోయె, తోలు ఊడె, మళ్ళా కొత్త తోలు వచ్చె. మామ నా మణికట్టు పట్టుకోని ఒక్కొక్క దెబ్బా నేర్పించె. ఒక గురువారం నేను వాయిస్తాంటే అవ్వ మోడా మీద నుంచి లేచి ఆడింది. ఆట అయినాక నా చెంప నిమిరి, "ఈ ఉరుసుకు మురుగమల్లలో మొదటి దెబ్బ నీదే" అనె.

నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు! చింతామణిలో నేను చెప్పనోడు లేడు. సంతలో చెప్పినా, మంగలి దగ్గర చెప్పినా, బండి ఎద్దులకు కూడా చెప్పినా.

ఉరుసులో వాళ్ళకొక పద్ధతి ఉండె. దర్గాకు గంధం ఊరేగింపు వచ్చే లోపల డోలు మోగాల. అంతవరకు దాన్ని మైదానంలో ఒక చింతచెట్టు కింద పచ్చగుడ్డ కప్పి పడుకోబెట్టి ఉంటారు. నిలబెట్టే ముందు, వాయించేవాళ్ళు, ఆడేవాళ్ళు, మోసేవాళ్ళు, ప్రతి ఒక్కరూ డోలు మీద చెయ్యి పెట్టి, "నా మనసులో ఎవరి మీదా ఏమీ లేదు" అని చెప్పాల. ఒకరికి ఉన్నా డోలు లేయదు. ఆ రెండో మనిషి రావాల, ఇద్దరికీ రాజీ కావాల, అప్పుడే లేపేది. ఒకరు పగ పెట్టుకుంటే అది అందరి పగ అంటారు వాళ్ళు. అవ్వ చిన్నప్పుడు ఒక ఏడు అట్లనే పడుకునిపోయిందంట. ఆ ఏడంతా వాళ్ళిండ్లల్లో పెండ్లి చేయలేదంట.

ఆ పొద్దు వచ్చె. మైదానంలో ఇసకేస్తే రాలనంత జనం. మల్లెపూలు, సాంబ్రాణి, బొరుగులు, మిఠాయి. తొండేభావి నుంచి, మంచేనహళ్ళి నుంచి బండ్లు కట్టుకోని వచ్చినారు. మా అత్త కూడా వచ్చింది, ఒకే తట్టలో తిన్న సంగతి తెలిసి పెట్టుకున్న కోపం అప్పటికి మాని. నేను కొత్త పంచె కట్టుకోని, చేతులకు నూనె రాసుకోని, మొదటి దెబ్బ యాడ కొట్టాలో కండ్లతోనే కొలుచుకుంటాండా. మధ్యాన్నం పొద్దు కొంచెం వాలె. ఒక్కొక్కరే పోయి చెయ్యి పెడతాండారు.

మామ వంతు వచ్చె. అంత పెద్ద మనిషి, డోలు మీద చెయ్యి పెట్టి నిలబడినాడు. "పక్కింటి ఆయన కొడవలి తెచ్చి తిరిగి ఇవ్వలేదు. ఆయన అడిగితే ఇసుక్కున్నా. నిన్న పోయి ఇచ్చి, తప్పయింది అని చెప్పొచ్చినా. ఇంక ఎవరి మీదా ఏమీ లేదు" అని కండ్లు తుడుచుకునె.

కొడవలి! ఒక కొడవలికి ఈ మనిషి ఏడుస్తాండాడు!

తర్వాత వంతు నాది. పోయి చెయ్యి పెట్టినా. పచ్చగుడ్డ కింద తోలు వెచ్చగా ఉండె, ఎండకు. ఒక్క మాట చెప్తే చాలు, డోలు లేస్తుంది, మొదటి దెబ్బ నాది. ఏడాది వాచిన చేతులు. నోరు తెరిచినా. "నా మనసులో..." అన్నా. అంతే. గొంతులో నుంచి తక్కిన మాట రాదు! మా అన్న పైగుడ్డతో కనుబొమ్మ తుడుచుకునేది కనపడతాంది. మళ్ళా, "నా మనసులో..." అన్నా.

అవ్వ నా మొకమే చూస్తాంది. "చెప్పప్పా."

"ఉండాడవ్వా" అన్నా. "ఒకడుండాడు. నీతో అబద్ధం చెప్పినా. మా అన్న. నేనే తోసినా, నేనే తిట్టినా, నేనే ఇడిచి వచ్చినా."

ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండు. పదహైదు మంది, బాగేపల్లి నుంచి, చిక్కబళ్ళాపురం నుంచి ఏడాదంతా ఈ పొద్దు కోసం కాచుకోని వచ్చినోళ్ళు, ఒకరి మొకం ఒకరు చూసుకోకుండా డోలు చుట్టూ కింద కూర్చున్నారు. చుట్టూ జనం మాత్రం ఏమైంది, ఎందుకు లేపరు అని కేకలు పెడతాండారు. నాకు భూమి పగిలి లోపలికి పోతే బాగుండు అనిపించె.

అవ్వ అడిగె. "యాడుండాడు మీ అన్న?"

"ఊర్లో. మూడు మైళ్ళు."

"అయితే నిలబడి చూస్తావేంరా! గుర్రం కట్టండి!" అని ఆమె అరిచిన అరుపుకు పక్క చెట్టు మీద కాకులు లేచె.

గుర్రాలోళ్ళ జట్కా అంటే ఏందో ఆ పొద్దు చూసినా. మామ పగ్గాలు పట్టె, చెర్నాకోల లేదు, ఉత్త నోటితో టకటక అంటే ఆ గుర్రం గాలిలో పోయె. జనం పక్కకు దూకుతాండారు. రోడ్డు దిగి కాలిబాటన పడినాక ఒక చక్రం భూమి మీద, ఒక చక్రం గాలిలో. నేను కమ్మీ పట్టుకోని వేలాడతా, "మామా, రాకుంటే?" అని అరిచినా. "వస్తే లేస్తాది, రాకుంటే పడుకుంటాది! కూర్చో!" అని ఆయనా అరిచె.

మా అన్న కపిల బాటలోనే ఉండాడు. ఎద్దులు కిందికి దిగుతాంటే మోకు మీద కూర్చోని, అదే తలపాగా, అదే మనిషి. కనుబొమ్మ మీద మచ్చ. నేను ఆయన ముందర పోయి నిలబడి, ఉరుసు, డోలు, నా అబద్ధం అన్నీ గబగబా చెప్పేసినా. "తప్పు నాదే. నువ్వు రావాల" అన్నా. కాళ్ళు కూడా ముట్టుకున్నా.

ఆయన ఎద్దుల్ని వెనక్కి నడిపించె. ఇంకొక బాన నీళ్ళు ఎత్తి కాలవలో పోసె. నీళ్ళు యాడికి పోతాండాయా అని చూసినా. నా మడికి. రెండేండ్లు నేను తొంగి చూడని నా మడిలో మోకాలెత్తు రాగి పచ్చగా నిలబడి ఉండాది. ఆ పొద్దు నా వంతు. నా వంతు పొద్దు నా మడికే పారిస్తాండాడు!

నాకు ఏడుపొచ్చె. కానీ ఏడ్చేదానికి పొద్దు యాడుండాది? నడిమిట్లో వదిలితే రెండు సాళ్ళు ఎండిపోతాయి, ఆయన వదలడు, ఆయన సంగతి నాకు తెలుసు. ఆయన చేతిలో పగ్గం గుంజుకోని నేనే తోలినా. నేను తోలుతాంటే ఆయన పోయి పార పట్టుకోని నీళ్ళ మడవ తిప్పినాడు. మామ బావి గట్టు మీద నిలబడి పొద్దుకేసి చూస్తా, "ఇంకెన్ని? ఇంకెన్ని?" అంటాండాడు. ఎద్దుల్ని కొట్టలేదు, బతిమలాడినా, నా తల్లీ నా తండ్రీ అని. నా కొత్త పంచె బురదైపోయె.

మడి తడిసె. ఆయన ఎద్దులు విప్పె, కాళ్ళు కడుక్కునె, పోయి జట్కా ఎక్కి కూర్చునె. మా వదిన బిడ్డను చంకలో వేసుకోని ఉరుకుతా వచ్చి, "ఏం మరిదీ, ఇప్పటికి తెల్లారిందా నీకు?" అని, తానూ ఎక్కింది. ఆ బిడ్డను నేను అదే మొదలు చూసేది. దారంతా నేను మాట్లాడతానే ఉండా, మా అన్న గుర్రం తోక చూస్తానే ఉండాడు.

మైదానానికి వచ్చేసరికి పొద్దు చింతచెట్ల కిందికి దిగె. దూరంగా గంధం వస్తాండే సందడి వినపడతాంది. మేము పోయేటప్పుడు వాళ్ళు ఎట్ల కూర్చున్నారో అట్లనే కూర్చోని ఉండారు. అవ్వ లేచి మా అన్న చెయ్యి పట్టుకోని డోలు మీద పెట్టె. నా చెయ్యి ఇంకొక పక్క పెట్టె.

"పెద్దోడివి, నిజం చెప్పు నాయనా. నీ మనసులో వీడి మీద ఏమన్నా ఉండాదా?"

మా అన్న అందరినీ చూసినాడు. తర్వాత నన్ను చూసినాడు.

"ఉండాదమ్మా" అన్నాడు.

అయ్యో దేవుడా! జనంలో గోల లేచె. మామ తల మీద చేతులు పెట్టుకునె. అవ్వ మాత్రం కదల్లేదు. "ఏం చేస్తే పోతాది?" అని అడిగె.

"తోసింది నేను ఆ పొద్దే మర్చిపోయినా. కపిల తోలినాడు, కాళ్ళు ముట్టినాడు, తప్పయిందన్నాడు. మూడు మైళ్ళు నోరు మూయకుండా మాట్లాడినాడు. ఇంతసేపు మాట్లాడి వీడు నన్ను ఏమని పిలిచినాడో అడగండి."

నిజమే! నాకు అప్పుడు తెలిసె. అన్నీ చెప్పినా, ఆ ఒక్కటే నా నోట్లో నుంచి రాలేదు. రెండేండ్లు గొంతులో అడ్డం పడి ఉండాది అది. డోలు అవతల మా అన్న. ఎండిన మొకం, చీలిన కనుబొమ్మ, కండ్లల్లో నీళ్ళు.

"అన్నా" అన్నా.

సరిగ్గా వినపడలేదేమో అని మళ్ళా, మైదానమంతా వినపడేటట్లు, "అన్నా!" అని అరిచి భోరున ఏడ్చినా. నాకు సిగ్గు లేదు, ఇప్పుడు చెప్పేదానికీ సిగ్గు లేదు.

మా అన్న కిందికి తన కాళ్ళు చూసుకునె. "ఆ మాట వస్తే చెప్పుతో కొట్టమన్నాడమ్మా వీడు" అని అవ్వతో చెప్పె. "తొందరలో చెప్పులు బావి గట్టు మీదనే మర్చిపోయి వచ్చినా."

నవ్వు! ఆ పదహైదు మందీ, మా వదినా, మా అత్తా, మిఠాయి అమ్మేవాళ్ళు కూడా పడి పడి నవ్వినారు. ఆ నవ్వులోనే అవ్వ పచ్చగుడ్డ లాగేసె. "లేపండ్రా!" అనె.

నేను చేతులు ఎత్తినా. అవ్వ నా మణికట్టు పట్టుకునె. "నువ్వు కాదు. డోలు ముట్టినోడు అబద్ధం చెప్తే ఏడాది వాయించకూడదు. జగడం తీరింది, అబద్ధం తీరలేదు. వచ్చే ఉరుసుకు వాయిస్తువు."

"మరి ఇప్పుడు?"

"రాళ్ళ నేల, కాళ్ళు జారతాయి. కింద కూర్చోని దాని కాలు పట్టుకో."

మొదటి దెబ్బ మామ కొట్టె. నేను డోలు కింద మోకాళ్ళ మీద కూర్చోని, రెండు చేతులతో దాని కాలు పట్టుకోని ఉండా. ఆ మోత పైన ఉండేవాళ్ళ చెవులకు పోయిందేమో, నాకు మాత్రం కట్టెలో నుంచి చేతుల్లోకి, చేతుల్లో నుంచి ఎముకల్లోకి వచ్చె. ఏడాది వాయించినా అది నాకు తెలీలేదు. అవ్వ ఆడతాంది. మా వదిన చంకలో బిడ్డ చేతులు కొడతాంది. గంధం వచ్చేసె, జనం తోసుకుంటాండారు, మామ చేతులు కనపడడం లేదు, అంత వేగం! డోలు ఒక పక్కకు ఒరిగె. రెండో కాలు దగ్గర ఎవరో దబ్బున కూర్చోని దాన్ని ఒడిసి పట్టుకున్నారు. చూస్తే మా అన్న. తలపాగా ఊడిపోయింది, చేతులకు ఇంకా నా మడి బురద ఉండాది.

"గట్టిగా పట్టుకోరా" అన్నాడు, "జారిపోతాంది."